చెవిన పడని మాటలు

లతీఫా డిగ్రీలో చేరేదాకా ఇంగ్లీషు మాటలను కళ్లతో చూసిందే గాని చెవులతో విన్నది తక్కువ. బందరులో తెలుగు మీడియంలో చదువుకుంది. తండ్రి గౌస్ చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులకు పాలిష్ పెట్టేవాడు. కాలేజీలో ఇంగ్లీషు పాఠం అర్థం కాక మొదటి నెలంతా బిక్కమొహం వేసుకుని కూర్చుంది. ఆ తర్వాత పక్కింటి సత్యవాణి టీచరు దగ్గరికి వెళ్లి డిక్షనరీ అడిగింది.

"అర్థాలు బట్టీ పడితే పొద్దున్నకి పోతాయే," అంది సత్యవాణి. "ఒక్కో మాటకీ నీకు తెలిసిన మనిషిని తగిలించు. ఇంక మర్చిపోవు."

లతీఫా అలాగే చేసింది. గారులస్ అంటే వాగుడుకాయ. ఆ మాటకి పాలు పోసే రాంబాబును తగిలించింది. ఫ్రూగల్ అంటే పొదుపరి. అది తల్లికి. అబ్‌స్టినేట్ అంటే మొండి మనిషి అని చూసినప్పుడు ఎవరినీ వెతకలేదు, తనలో తనే నవ్వుకుంది. ఎపిటోమ్ దగ్గర మాత్రం ఆగిపోయింది. ఒక గుణమంతా ఒక్క మనిషిలో కనిపిస్తే ఆ మనిషిని అలా అంటారట. దానికి రహీమా ఖాలాను పెట్టుకుంది. ఖాలా తన తల్లికి చెల్లెలు, దివిసీమలో ఉంటుంది. డెబ్బయ్యేడు ఉప్పెనలో ఇల్లూ భర్తా పోయాక, నీళ్లు తీయగానే తడిసిన బియ్యం ఏరి, పొయ్యి రాజేసి, ఊళ్లో మిగిలినవాళ్లందరికీ గంజి కాచిన మనిషి.

మరుసటి ఏడు గుడివాడలో డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు వక్తృత్వ పోటీ పెట్టారు. విషయం ధైర్యం. లతీఫా పేరు ఇవ్వబోతే లెక్చరర్ నాగభూషణరావు తీసుకోలేదు.

"నీకు మాటలు వచ్చు, పలకడం రాదమ్మా. నవ్వుతారు. కాన్వెంటులో చదివినమ్మాయిని తీసుకెళ్తున్నాను."

"పోటీ అందరికీ అని నోటీసు బోర్డులో ఉందండీ. నా అంతట నేనే వెళ్తాను."

"మొండితనం పనికిరాదు."

"పనికొస్తుందో రాదో వెళ్లొచ్చాక చెప్తానండీ," అంది.

పోటీ జరిగే ఆదివారం పొద్దున రైలుకి తండ్రి తోడు వచ్చాడు. మైకు ముందు నిలబడి లతీఫా ఖాలా గురించి చెప్పడం మొదలుపెట్టింది. హాలు నిశ్శబ్దంగానే వింది. "ఆమె ధైర్యానికి ఎపిటోమ్," అని ఇంగ్లీషులో అనగానే ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు వెనక వరుసలకు పాకింది. నాగభూషణరావు తల దించుకున్నాడు.

ఎందుకు నవ్వుతున్నారో ముందు అర్థం కాలేదు. ఆ మాట తప్పుగా పలికానని అర్థమయ్యాక లతీఫా ముఖం మండిపోయింది. దిగిపోవాలనిపించింది. దిగితే ఖాలా కథ సగంలో ఆగిపోతుంది. మైకు వదలకుండా తెలుగులో అంది:

"ఈ మాట నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నానండీ. నాకెవరూ పలికి చెప్పలేదు. అర్థం మాత్రం బాగా తెలుసు. మీరు నవ్వడం అయిపోతే మిగతాది చెప్తాను."

నవ్వు ఆగేదాకా నిలబడింది. ఆగాక ఇంగ్లీషులోనే చివరిదాకా చెప్పింది.

బహుమతి రాలేదు. మధ్యలో తెలుగు మాట్లాడినందుకు మార్కులు తీసేశామని న్యాయనిర్ణేతల్లో పెద్దాయన సుబ్రహ్మణ్యం గారు పిలిచి చెప్పారు. "దాన్ని ఎపిటమీ అనాలమ్మా," అన్నారు.

"ఎపిటమీ," అంది లతీఫా. "ఇలాంటివి నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయండీ. రైలుకి టైముంది. పలికి చెప్తారా?"

ఆయన కుర్చీ ముందుకు జరిపారు. కూతురు ఒక్కో మాటా తిప్పి తిప్పి పలుకుతుంటే పక్కన నిలబడ్డ గౌస్ కూడా పెదవులు కదిపాడు.

సోమవారం క్లాసులో నాగభూషణరావు, "కాలేజీ పరువు తీశావు," అన్నాడు.

లతీఫా లేచి నిలబడింది. "మాట తప్పుగా పలికానండీ. తప్పు మాట అనలేదు. వచ్చే ఏడూ వెళ్తాను. ఈలోగా పాఠంలో కొత్త మాట వచ్చినప్పుడల్లా రెండుసార్లు పలకండి. మాలో చాలామందిమి అవి ఎప్పుడూ విననే లేదు."

ఆయన పుస్తకం తెరిచాడు. మొదటి పేరాలోనే ఓ పెద్ద మాట వచ్చింది. గబగబా చదివి దాటేశాడు.

"మళ్లీ అనండి," అంది లతీఫా.

ఆయన కళ్లెత్తి చూసేలోగా కిటికీ పక్క బెంచీలో, తనలాగే తెలుగు మీడియంలో చదివొచ్చిన యేసుదాసు లేచాడు.

"అవునండీ, మళ్లీ అనండి."

ఆ రోజు పాఠం ఒక్క పేజీ దాటలేదు.