ఖాళీ మిషను

వాన.

కిటికీ కింద సైకిళ్ళు పెట్టుకునే రేకుల షెడ్డు. దాని మీద వాన. టకటక టకటక… ఆగదు, తగ్గదు, ఊపిరి పీల్చుకోదు.

పోగు కళ్ళు తెరవకుండా వింటోంది.

పోగు ఆమె అసలు పేరు కాదు. అసలు పేరు యూనివర్సిటీవాళ్ళకీ, వీసావాళ్ళకీ. సన్నగా, పొడుగ్గా, ఎక్కడ పడితే అక్కడ చిక్కుపడుతుందని చిన్నప్పుడు మేనత్త పెట్టిన పేరు ఇది. ఇంట్లో అందరికీ అదే అలవాటైపోయింది. పై చదువుకని ఇంత దూరం వచ్చినా, తనను తాను తిట్టుకోవాల్సి వస్తే ఆ పేరుతోనే తిట్టుకుంటుంది.

లే పోగూ. ఈరోజే ఆఖరు పరీక్ష.

సెమిస్టరు అయిపోవచ్చింది. మెట్ల మీద పెట్టెలు, వంటగది గట్టు మీద ఎవరో వదిలేసి వెళ్ళిన సగం ఉప్పు డబ్బా. పక్క మంచం పిల్లకి పోగు పెట్టిన పేరు నిద్రమొహం. ఆ పిల్ల పుస్తకం మొహం మీద బోర్లించుకుని పడుకుంది. కళ్ళలోంచి ఎక్కని చదువు ముక్కులోంచైనా ఎక్కుతుందని ఆమె నమ్మకం. సాయంత్రం ఆమె కూడా వెళ్ళిపోతుంది.

అందరికీ ఇంటికి వెళ్ళే తొందర.

పోగుకి తొందర లేదు.

పరీక్ష అయిపోతే ఇంట్లోవాళ్ళు చెప్పేస్తారు. వాళ్ళు చెప్పబోయేది ఆమెకి తెలుసు. తెలుసని వాళ్ళకి తెలియదు.

టకటక టకటక…

అత్తది కాలితో తొక్కే కుట్టుమిషను. పోగు దాని కిందే పెరిగింది. పైనుంచి రాలే గుడ్డముక్కలు ఏరుకుంటూ, తొక్కుడు పలక మీద ఆడే అత్త పాదాలు చూస్తూ.

ఆ మిషనుకి ఒక నడక ఉండేది. ఒక పరుగు — ఆగడం. మళ్ళీ పరుగు — ఆగడం. ఆగినప్పుడల్లా అత్త గుడ్డ తిప్పుకునేది, లేదా పంటితో దారం కొరికేది, లేదా పోగుని ఒక మాట అనేది. మందం గుడ్డ వస్తే చప్పుడు బరువెక్కేది. పల్చటి గుడ్డ వస్తే తేలికపడేది. ఏ రోజు దుప్పటి కుడుతోందో, ఏ రోజు రవిక కుడుతోందో పోగు కళ్ళు మూసుకుని చెప్పేది.

ఒకసారి అత్త లేని సమయం చూసి, గుడ్డ పెట్టకుండా ఖాళీ మిషను తొక్కింది. వీపు విమానం మోత మోగింది.

"ఖాళీ కత్తెర ఆడించకూడదు, ఖాళీ మిషను తొక్కకూడదే. పని లేకపోతే అది తనని తనే తినేస్తుంది."

ఇప్పుడు పోగు చదువు కూడా అదే. యంత్రాల చప్పుడు విని, లోపల ఏం పాడైందో చెప్పడం. మిషను కింద పెరిగిన పిల్లకి ఇంకే చదువు అబ్బుతుంది?

ఫోనులో కూడా అత్త మిషను ఆపేది కాదు. ఫోను పక్కన పెట్టుకుని కుట్టేది. ఒక పరుగు అయ్యాక, ఆగి — "ఏమే పోగూ, తిన్నావా?" తిన్నానంటే నమ్మేది కాదు. "అబద్ధాలాడకు. గొంతు సన్నంగా ఉంది."

మళ్ళీ పరుగు.

ఇక్కడి చెట్లు ఆకులు రాల్చడం మొదలుపెట్టినప్పుడు, అత్తకి కొంచెం నలతగా ఉందన్నారు. చెట్లు బోసిపోయేసరికి, గొంతు పోయిందన్నారు, డాక్టరు మాట్లాడొద్దన్నాడన్నారు. ఆ తర్వాత ఒకరోజు, పోగు ఏమీ అడగకుండానే అమ్మ చెప్పింది.

"అత్త బాగానే ఉంది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అమ్మకి కొత్త కాదు.

"ఇదిగో, మిషను మీదే కూర్చుంది. వినబడుతోందా?"

వినబడింది. టకటక టకటక టకటక…

అంతా పరుగే. గుడ్డ తిరగడం లేదు. దారం తెగడం లేదు. సూది కింద ఏమీ లేదు.

అమ్మ అటు తిరిగి గట్టిగా అంది — "వదినా, మెల్లగా తొక్కు. మోకాళ్ళు పట్టేస్తాయి."

వదినా అన్నచోట అమ్మ గొంతు జారింది.

"ఒక్కసారి ఆపమనమ్మా," అంది పోగు. "మాట్లాడక్కర్లేదు. ఆపితే చాలు."

మిషను ఆగింది.

ఆ నిశ్శబ్దంలో ఒక దగ్గు. మగమనిషి దగ్గు.

మామయ్య. జన్మంతా బస్సు నడిపిన మామయ్య. నీ మిషను మోత కన్నా నా డొక్కు ఇంజను నయమే అని అత్తని ఏడిపించిన మామయ్య. ఆ మిషను మీద ఒక్కనాడూ చెయ్యి వెయ్యని మామయ్య. స్టాపులు లేని దారిలో బస్సు తోలినట్టు, అత్త లేని మిషను తోలుతున్నాడు.

మళ్ళీ మొదలైంది. టకటక టకటక…

"అత్తని జాగ్రత్తగా ఉండమను," అని పోగు ఫోను పెట్టేసింది. నేల మీద కూర్చుండిపోయింది. లేవమని చెప్పేవాళ్ళు కూడా లేరు.

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. ఒక పరీక్ష రాయించడానికి ఎన్ని ఆడాలో చెప్పలేదు.

కోపం వచ్చింది. ఎంత కోపమంటే — చదువు పాడవుతుందని ఆఖరి చూపు లేకుండా చేస్తారా? ఎవరడిగారు ఈ చదువు? ఫోను చేసి కడిగేద్దామనుకుంది. చేసింది కూడా.

అవతల ముక్కాలి పీట జరిగిన చప్పుడు. మామయ్య వచ్చి కూర్చున్న చప్పుడు. టకటక టకటక…

నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

నాకు తెలుసు అనొచ్చు. అంటే ఆ మిషను ఆగిపోతుంది. ఆ తర్వాత దాన్ని ఎవరు తొక్కుతారు?

అందుకే రోజూ ఫోను చేసింది. రోజూ విన్నది. అత్త ఎలా ఉందని రోజూ అడిగింది. అడిగిన ప్రతిసారీ లోపల ఏదో అరిగింది. ఇటు ఈమె నటన, అటు వాళ్ళ నటన… మధ్యలో ఖాళీగా తిరిగే ఒక చక్రం.

ఆఖరు పరీక్ష గదిలో బల్ల మీద మోటార్లు వరసగా ఉన్నాయి. ఒక్కొక్క దాని రోగం చెప్పింది. ఇది అరిగిపోయింది. దీనికి నూనె లేదు. ఇది వంకరగా తిరుగుతోంది.

ప్రొఫెసరు ఆఖరు మోటారు మీట నొక్కాడు.

పోగు హెడ్‌ఫోన్లు రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

"దీని మీద బరువేమీ లేదు," అంది. "ఖాళీగా తిరుగుతోంది."

"అయితే పాడవలేదన్నమాట."

"ఇంకా లేదు."

ఆయన నవ్వాడు. మార్కు వేశాడు. ఈ చెవి ఎక్కడ సంపాదించావని అడిగాడు. మా అత్త దగ్గర అంది. ఆవిడా ఇంజనీరేనా అన్నాడు. అవునంది. ఊరందరి ఒళ్ళూ కొలిచి, ఎక్కడా పట్టకుండా కుట్టడం కన్నా పెద్ద ఇంజనీరింగు ఏముంది?

బయట వాన ఆగలేదు. తడిసిన ఆకులు దారికి అంటుకుపోయి ఉన్నాయి. నడిచింది. గొడుగు చేతిలోనే ఉంది, తెరవాలని తోచలేదు.

గదిలో నిద్రమొహం మంచం ఖాళీ. పరుపు మీద దుప్పటి కూడా లేదు.

ఫోను చేసింది.

"అయిపోయిందా, అమ్మలూ?"

అమ్మ గొంతు ఎప్పటిలా లేదు. ముందే అనుకుని, కూడదీసుకుని ఉన్న గొంతు. వెనక మిషను చప్పుడు లేదు. అందరూ నిలబడి ఉన్నారు — ఆ నిశ్శబ్దంలో వాళ్ళు నిలబడి ఉన్నారని పోగుకి తెలుస్తోంది.

"పోగూ… నువ్వు కొంచెం కూర్చో, తల్లీ."

ఇప్పుడు చెప్పేస్తారు. చెబితే అది నిజమైపోతుంది.

"లేదమ్మా," అంది పోగు. "అవలేదు. ఆఖరు పరీక్ష వచ్చే వారానికి వాయిదా పడింది."

అమ్మ ఊపిరి మాత్రం వినబడుతోంది.

"అలాగా," అంది అమ్మ. నమ్మిందో, నమ్మినట్టు నటించిందో. "అలాగేలే… బాగా చదువుకో."

ముక్కాలి పీట జరిగింది.

టక… టకటక… టకటక టకటక…

పోగు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. కుడి చెవిలో మిషను. ఎడమ చెవిలో వాన. రెండూ ఒకటే పరుగు.

మిషను ఆగింది.

ఆగితే అత్త ఒక మాట అనేది. పోగు ఊపిరి బిగబట్టింది.

"తిన్నావా, పోగూ?"

మామయ్య గొంతు. ఇన్నాళ్ళకి.

"తిన్నాను," అంది.

అబద్ధాలాడకు అని ఎవరూ అనలేదు. గొంతు సన్నంగా ఉందని ఎవరూ అనలేదు.

మళ్ళీ మొదలైంది. సూది కింద ఏమీ లేదు. రేకుల మీద వాన — టకటక టకటక… ఆగదు, తగ్గదు…