దిబ్బను మోసిన బండి

ఆదివారం పొద్దున వాజిద్ మోటారు బండి మీద సామాను కడుతుంటే కాపురం ఎత్తేస్తున్నాడేమో అనిపించేది. తాత స్టూడియో నాటి పెద్ద చెక్క కెమెరా కుడి పక్క, మూడు కాళ్ల స్టాండు ఎడమ పక్క, ఫిలిం పలకల పెట్టె వెనక సీటు మీద. అన్నిటినీ ఎమ్మిగనూరు దుప్పట్లలో చుట్టి సైకిల్ ట్యూబులతో బిగించేవాడు. హాలహర్వి దారి గుంతలకు వేరే తాళ్లేవీ ఆగవు.

హాలహర్వి అవతల హగరి ఏటి ఒడ్డున ఇసుక దిబ్బలున్నాయి. ఎడారి చూడాలంటే రాజస్థాన్ దాకా పోనక్కర్లేదు. అక్కడ ఫోటో తీస్తే, ఫోటోలో పడిన ఇసుకంతా పలకలో కూర్చుని ఆదోనిలోని ఇంటికి వచ్చేసేది. తల్లి రసూల్‌బీ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడేది.

"పటం తెస్తావనుకుంటే ఏరు తెచ్చినావు గదరా!" అని తిట్టి, జల్లించి, గోడలు పూసుకునేవాళ్లకు ఇచ్చేది. చెట్లూ మనుషులూ మాత్రం వచ్చేవాళ్లు కాదు. "వాళ్లకు ఇల్లుంటాది. ఇసకకు యాడుంది?" అనేది.

జ్యేష్ఠంలో ఒకరోజు, దిబ్బల పక్క చేనున్న ముసలి ఈరమ్మ బండికి అడ్డం నిలబడింది. గాలి ఒక దిబ్బను తెచ్చి ఆమె చేని మీద పెట్టి రెండేళ్లయింది.

"వాజిదప్పా, ఈ తూరి గూడా ఇత్తనం పడకపోతే సుగ్గికి పోవాల, గుంటూరుకు వలస, మిరపకాయలు తెంపేదానికి. మనమరాలు మౌనికకు బడి ఆగిపోతాది. ఈ దిబ్బనొక ఫోటో తియ్యి నాయనా."

వాజిద్ దగ్గర ఒక్క ఫిలిమే మిగిలింది. దిబ్బల మీద మబ్బునీడ నడిచే క్షణం కోసం, హైదరాబాదు ప్రదర్శనకు పంపాలని, మూడు వారాలుగా దాచుకున్నాడు. ఆ మబ్బు సరిగ్గా ఆరోజే వచ్చింది. అయినా వాజిద్ కెమెరాను చేనివైపు తిప్పాడు.

నల్లగుడ్డలో తల దూర్చి చూస్తే గాజు మీద దిబ్బ తలకిందులుగా వేలాడుతోంది. కుదిర్చి, పలక తొడిగి, పోతున్న మబ్బును ఆఖరిసారి చూసుకుంటూ మీట నొక్కాడు. చూపు దించితే ఈరమ్మ, కొంగు సర్దుకుని, దిబ్బ ముందర నిలబడి ఉంది.

"ఆడెందుకు నిలబడినావవ్వా!"

"మనిషి లేని ఫోటో యాడన్నా ఉంటాదేమప్పా?"

తిరుగుదారిలో బండి వెనక చక్రం సగానికి అణిగిపోయింది. ఇంట్లో పదకొండు రోజులు పలకలోంచి ఇసుక రాలింది. వీధివీధంతా గోడలు పూసుకుంది. ఇసుకంతా పోయాక ఫోటోలో ఈరమ్మ ఒక్కతే మిగిలింది.

అక్కడ ఈరమ్మ చేను నల్లగా బయటపడింది. నడిమధ్యన మాత్రం, ఈరమ్మ వెనక దాగి ఫోటోలో పడని ఇసుక ఆమె ఎత్తున, ఆమె లావున, కొంగు కొసతో సహా నిలబడిపోయింది. దాని చుట్టూ పత్తి వేశారు.

పుష్యంలో వాజిద్ ఫోటోకు పటం కట్టించి తెచ్చిన రోజే సుగ్గి లారీ వచ్చింది. కూలీల మేస్త్రీ సుంకప్ప గట్టు మీద నుంచి ఇసుక మనిషిని చూసి కేకేశాడు.

"ఈరమ్మా, బయలెల్లు! మౌనికను గూడా పిల్సుకో!"

అది కదల్లేదు. మూడు కేకలేసి, "ఈ యేడు దీనికి బలుపెక్కింది" అని గొణుక్కుంటూ అతను లారీ ఎక్కాడు.

పత్తి చాళ్లలో వంగి ఏరుతున్న ఈరమ్మ తల కూడా ఎత్తలేదు. పటం చంకలో పెట్టుకుని వాజిద్ నవ్వాపుకోలేకపోయాడు. పోతే పోయిందిలే మబ్బు, అనిపించింది. ఆ వేళకు మౌనిక బళ్లో లెక్కలు చేస్తోంది.