ఒప్పుకున్నంత పని

"ఆదివారం ప్లాటుకాడ ఇల్లు కట్టనీకె ముగ్గు పోస్తున్నం. నలభై మందిని పిలిచిన. నువ్వు, అమ్మ గలిసి వండుతరని చెప్పిన" అన్నాడు మహేశ్వర్, బూట్ల లేసులు కట్టుకుంటూ. నర్మద పప్పు ఎనుపుతోంది. అదే ఆదివారం మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో తనకు ఇంటర్వ్యూ ఉందని భర్తకు వారం కిందే చెప్పింది. అతను విన్నాడు కూడా. విని మరిచిపోవడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు, అవతల మాట్లాడింది పెళ్లామైతే చాలు.

ఔటర్ రింగు రోడ్డు వస్తుందని వాళ్ల ప్లాటున్న మన్నెగూడలో ధరలు రోజుకో తీరుగా లేస్తున్న కాలం. ధర పెరగనిది నర్మద పనికొక్కదానికే. ఆరేళ్లుగా శేరిగూడ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. "ఇబ్రహీంపట్నంల ఇల్లు, పక్కనే నౌకరి, వంట యాళ్లకు ఇంట్లుంటవ్. ఇంకేం గావాలె?" అంటాడు మహేశ్వర్.

ఆరోజు క్లాసులో పాఠం అజైల్ పద్ధతి. సాఫ్ట్‌వేర్‌ను ఏడాది తర్వాత ఒక్కసారే అప్పజెప్పకుండా, రెండేసి వారాల ముక్కలుగా చేసి, వాడేవాళ్లకు చూపించి, వాళ్లు చెప్పినదాన్నిబట్టి మార్చుకుంటూ పోవడం. రోజూ పొద్దున టీమంతా నిలబడి నిన్నేం చేశాం, ఇవాళేం చేస్తాం, ఏది అడ్డమొస్తోంది అని చెప్పుకోవడం.

"రెండు వారాలకు ఎంత పని ఎత్తుకోవాలో చేసేవాళ్లే చెప్పాలి" అంది నర్మద.

ముందు బెంచీలోంచి యమున లేచింది. "మేడం, మేనేజర్ ముందే కస్టమర్‌కు మాటిచ్చి వస్తే?"

"టీమును అడగకుండా ఇచ్చిన మాట మేనేజర్‌ది. టీముది కాదు."

మూడు బ్యాచులకు ఇదే జవాబు చెప్పింది. ఇవాళే తన చెవిన పడింది. చెప్పేవి శ్రీరంగనీతులు అని తనను తానే ఎత్తిపొడుచుకుంది. ముందు సిగ్గేసింది. కోపం ఆ తర్వాత వచ్చింది.

సాయంత్రం అత్త కమలమ్మ వాకిట్లో ఎల్లిగడ్డలు ఒలుస్తోంది. మహేశ్వర్ సామాన్ల చిట్టీ రాస్తున్నాడు.

"ఆదివారం నేను ఇంటర్వ్యూకు పోతున్న" అంది నర్మద.

"ఇంటర్వ్యూ మళ్లొస్తది. ముగ్గు మళ్ల పోస్తమా?"

"ముగ్గు ఆపమంటలేను. నలభై మందికి వండుతనని నేను ఒప్పుకోలే."

"అందరికి చెప్పిన గదా. నా ఇజ్జత్ ఏం గావాలె?" అని మహేశ్వర్ తల్లి వైపు తిరిగాడు. ఆమె ఏనాడూ తన మాట కాదనలేదు. "అమ్మా, నువ్వన్న జర చెప్పు."

కమలమ్మ చేతిలోని ఎల్లిగడ్డ కింద పెట్టింది.

"నా దిక్కు సూడకు కొడుకా. నన్ను మాత్రం ఎన్నడు అడిగినవ్?"