ఆఖరి బండిలో మనిషి

హైవే మీద రద్దీ తగ్గించే మహత్కార్యంలో నేనూ ఉన్నాను. నమ్మకపోతే మా కంపెనీ వాళ్ళు తీసిన వీడియో చూడండి. అందులో లారీ పక్కన పళ్ళికిలించి నిలబడ్డది నేనే.

నాలుగు లారీలు. మొదటిది నేను నడుపుతాను. వెనక మూడింటికీ డ్రైవర్లుండరు. నేను ఆగితే ఆగుతాయి, కదిలితే కదులుతాయి, ఇరవై అడుగుల ఎడంతో నా వెనకే వస్తాయి. తక్కువ జాగాలో ఎక్కువ సరుకు పోతుంది కాబట్టి ఖరగ్‌పూర్ నుంచి కోల్‌కతా దాకా ఇక జామ్‌లే ఉండవని వాళ్ళ లెక్క. పర్మిట్ ఇచ్చినవాళ్ళు మాత్రం ఆఖరి బండిలో ఒక మనిషి ఉండి తీరాలన్నారు. తేడా వస్తే ఎర్ర బటన్ నొక్కడమే అతని పని.

ఆ పనికి ఎబినేజర్ బాబాయ్‌ని నేనే తీసుకొచ్చాను. ఖరగ్‌పూర్‌లో మా రైల్వే ట్రాఫిక్ కాలనీలోనే ఉంటాడు. ముప్పై నాలుగేళ్ళు గూడ్సు గార్డు. గూడ్సు బళ్ళలో గార్డు బదులు ఆఖరి వ్యాగన్‌కి ఓ ఎలక్ట్రానిక్ పెట్టె తగిలించడం మొదలైన ఏడాదే రిటైరయ్యాడు. ఊరికే కూర్చోలేక ఇంట్లోవాళ్ళని కాల్చుకు తింటున్నాడు. మొదటిరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో ఎర్రజెండా, పచ్చజెండా పెట్టుకుని దిగాడు. ఆఫీసులో అందరం పడీ పడీ నవ్వాం.

"నవ్వితే నవ్వండ్రా. బుజ్జిబాబూ, నువ్వు ఆగినావంటే నాను పచ్చ సూపించేదాకా కదలొద్దు. తెలిసిందా?" అన్నాడు.

"ఠీక్ హై బాబాయ్" అన్నాను. ముసలాయన ముచ్చట అనుకున్నాను.

జనవరిలో ఒక పొద్దున ఏడున్నరైనా మంచు విడలేదు. మా ఊరి చివర చౌరంగీ కూడలి దాటి నాలుగైదు కిలోమీటర్లు వెళ్ళేసరికి ముందు ఇసుక లారీ ఒకటి రోడ్డుకడ్డంగా నిలిచిపోయి ఉంది. బ్రేకు వేశాను. వెనక మూడూ బుద్ధిగా ఆగాయి.

రైలు దారి మధ్యలో ఆగిపోతే గార్డు దిగి వెనక్కి నడవాలి. వెనకొచ్చే బండి వచ్చి గుద్దకుండా ఎర్రజెండాతో ఆపాలి. బాబాయ్ కాళ్ళకి తెలిసింది అదే. ఎర్ర బటన్ని దాని మానాన వదిలేసి, మంచులో రెండు ఫర్లాంగులు వెనక్కి నడిచి, రోడ్డు మీద నిలబడి జెండా ఊపాడు. నిండా జనంతో వస్తున్న బస్సు ఒకటి కీచుమంటూ ఆయన ముందు ఆగింది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఈలోగా ఇసుక లారీ తప్పుకుంది. అద్దంలో చూస్తే మంచు తప్ప ఏమీ లేదు. దిగి చూడాల్సింది. కంట్రోల్ రూమ్ వాడు ఫోన్లో, "దాదా, ఇధర్ సబ్ గ్రీన్ హై. చలో, చలో" అని తొందరపెట్టాడు. వాడి తెర మీద అన్నీ పచ్చదీపాలేనట. కదిలించాను.

ఆగిన లారీలే కదా అని కూరగాయల దీదీ ఒకావిడ, ఆఖరి రెండు బళ్ళ మధ్య నుంచి తన తోపుడుబండితో రోడ్డు దాటుతోంది. ఆ మంచులో బండి కెమెరాకి ఆవిడ ఆనలేదు. బటన్ నొక్కే మనిషి అక్కడ లేడు. ఆవిడ కుడికాలు చక్రం కింద నుజ్జయింది.

విచారణ మూడు రోజులు సాగింది. ఆ టైముకి ఆఖరి బండిలో సీటు ఖాళీ అని కంప్యూటర్ చూపించింది. సీటు ఖాళీగా ఉంటే బండెలా కదిలిందని ఎవరూ అడగలేదు. నన్నొకటే అడిగారు, ఆయన సీట్లో ఉన్నాడా అని. లేడని రాసి సంతకం పెట్టాను. నేను పచ్చజెండా కోసం ఆగలేదని రాయలేదు. వాళ్ళడగలేదు, నేను చెప్పలేదు. ఆ కాగితంలో ఒక్క అబద్ధం లేదు. తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

బాబాయ్ బస్సు సంగతి చెప్పబోతే, "బస్సుకేం కాలేదుగా" అన్నారు. ఏమీ కాలేదు కాబట్టి దాన్ని ఎక్కడా రాయలేదు. ఆయన్ని తీసేశారు, కేసు కూడా ఆయన మీదే పెట్టించారు. మనుషుల నిర్లక్ష్యమే ప్రమాదానికి కారణమనీ, ఇకమీద ఆఖరి బండిలో మనిషే అక్కర్లేదనీ రిపోర్టు రాసుకున్నారు. నాకు మాత్రం కంపెనీ బొమ్మున్న కొత్త జాకెట్ ఇచ్చారు.

మొన్న ఆదివారం ఖరిదా బజార్లో బాబాయ్ ఎదురయ్యాడు. సందులోకి తప్పుకుందామనుకున్నాను గానీ చూసేశాడు. చేతిలో బత్తాయిల సంచి ఉంది.

"ఆ దీదీని సూసినావేట్రా?" అన్నాడు.

"లేదు బాబాయ్. డ్యూటీలు..."

"నాను రోజూ ఆస్పత్రికెల్తన్నాను. మోకాలు దాకా తీసేసినార్రా. నిన్న అడిగింది, ముందు బండి నడిపినోడెవడు దాదా అని."

"ఏటి సెప్పినావు?" అన్నాను.

"ఎవులో నాకు తెలీదన్నాను" అని, సంచి చెయ్యి మార్చుకుని ఆస్పత్రి వైపు వెళ్ళిపోయాడు.

తిట్టి ఉంటే పడేవాణ్ణి. నలుగురిలో చెంప పగలగొట్టినా నిలబడేవాణ్ణి. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో డ్యూటీ పుస్తకంలో ఒక్క తప్పు ముక్క రాయని మనిషి, నాకోసం ఆ కాలు లేని ఆవిడ ముందు కూర్చుని అబద్ధం ఆడాడు.