ఒక్క కంప్లయన్స్ కూడా లేదు

మాట కూడా సరుకేనని, తూచి ఇవ్వకపోతే నష్టం ఇచ్చినవాడికేనని నౌపడ ఉప్పు వ్యాపారి జగన్నాధం నమ్మకం. ఏ బేరంలోనైనా ధర ముందుగా ఎదుటివాడి నోటే రప్పించేవాడు. అటువంటి మనిషి తన జీవితంలో అతి పెద్ద బేరాన్ని ఒక్క మాటతో, అదీ బాగా తెలుసుననుకున్న మాటతో, చేజేతులా చెడగొట్టుకున్నాడు.

వేరే రాష్ట్రంలో హెడ్డాఫీసు ఉన్న ఓ కంపెనీ హాస్టళ్లకీ క్యాంటీన్లకీ దినుసులు సరఫరా చేస్తుంది. ఏడాది పొడుగునా ఉప్పు అతని దగ్గరే కొంటామని కబురు చేసింది. ఎండాకాలంలో ఉప్పు ఎవరైనా అమ్ముతారు. వానాకాలంలో కూడా ప్యాకింగ్ షెడ్డు మూతపడకుండా నడవాలంటే ఇలాంటి నికరమైన కొనుగోలుదారు ఉండాలి. లేకపోతే ఏటా జరిగేదే మళ్లీ జరుగుతుంది. వాన పడగానే ప్యాకింగ్ చేసే ఆడవాళ్లని ఇళ్లకి పంపెయ్యాలి. ఎండలు రాగానే రమ్మని వాళ్ల గుమ్మాలు తొక్కాలి. ఈలోగా పనిమంతులైనవాళ్లని పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలు పట్టుకుపోతాయి.

షెడ్డు చూడడానికి కంపెనీ తరఫున విశాఖపట్నం నుంచి సుహాసిని అనే ఆఫీసరమ్మ వచ్చింది. అయోడిన్ కలిపే మిషను చూసింది, టెస్టు కాగితాలు చూసింది, ఆడవాళ్ల తలలకి టోపీలున్నాయో లేదో చూసింది. గొడౌను గుమ్మంలో నిలబడి ముందు వరస బస్తాలు చూసింది. జగన్నాధం భార్య ఈశ్వరి ఇచ్చిన కొబ్బరినీళ్లు తాగి, ఫోనులో ఏదో రాసుకుంటూ అడిగింది.

"చివరగా ఒక్కటండీ. మీ దగ్గర కంప్లయన్స్ ఎలా ఉంది?"

జగన్నాధానికి ఛాతీ పొంగింది.

"ఒక్క కంప్లయన్స్ కూడా లేదమ్మా."

ఆమె రాయడం ఆపింది. "లేదా?"

"లేదు. మా నాన్న కాలం నుంచీ ఈ షెడ్డులో ఆ మాటే లేదు. ఎప్పుడైనా ఒకటీ అరా వస్తాది. వచ్చినా ఆ పూటే తీసి పారేస్తాం. కావాలంటే ఊళ్లో ఎవల్నైనా అడగండి."

సుహాసిని ఒకసారి అతని మొహం చూసింది. వెటకారం ఏమీ కనిపించలేదు. రాసుకుంది. వెళ్లిపోయింది.

రెండోనాడు విజయనగరం నుంచి బ్రోకరు నరసింగరావు ఫోను చేశాడు. ఈ బేరం కుదిర్చింది అతనే.

"ఏటి మావా, అంత మాట అనీసినావట? ఆర్డరు ఆపీసినారు."

"నానేటన్నాను?"

"నాకు తెల్దు. రూల్సంటే మాకు లెక్కనేదు అన్నావని రిపోర్టుట. ఆ యమ్మ బెదిరిపోయింది. బతిమాలితే ఒక దారి ఇచ్చినారు. రేపు సాయంత్రం లోగా నువ్వే ఇంగ్లీషులో రాసి, సంతకం పెట్టి పంపాల. హెడ్డాఫీసోళ్లకి తెలుగు రాదు గదా. అదీ కుదరకపోతే సోంపేటలో ఇంకో పార్టీ ఉన్నాది."

జగన్నాధం బావమరిది ఉమాశంకర్ టెక్కలిలో ఇంగ్లీషు మాస్టారు. అక్క పిలిచిందంటే చేపల పులుసు ఉంటుందని తెలుసు గనక వెంటనే వచ్చాడు. జరిగింది వినగానే నవ్వు ఆపుకోలేక కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"బావా, నువ్వన్నది కంప్లైంటు. ఆ అమ్మాయి అడిగింది కంప్లయన్స్. అంటే పెట్టిన రూలు పెట్టినట్టు పాటించడం. నువ్వు ఏటని సెప్పినావో తెలుసా? మా నాన్న కాలం నుంచీ ఈ షెడ్డులో రూలు పాటించడం లేదు, పొరపాటున ఎవరైనా పాటించినా ఆ పూటే మానిపించేస్తాం అని."

వంటింట్లోంచి ఈశ్వరి నవ్వు వినిపించింది. "నిజమే సెప్పినాడు గదరా తమ్ముడూ. ఇంట్లో నా మాట పాటించడం కూడా అలాగే ఉన్నాది."

"నువ్వాగు," అన్నాడు జగన్నాధం. "ఒరే ఉమా, రెండు మాటలకీ తేడా ఏటో నాకు పట్టుబడీలాగ సెప్పు."

ఉమాశంకర్ పాఠం మొదలెట్టాడు. "కంప్లైంటు బస్తా లాంటిది. ఒకటి, రెండు అని లెక్కపెట్టొచ్చు. కంప్లయన్స్ ఉప్పు లాంటిది. ఒక ఉప్పు, రెండు ఉప్పులు అంటావేటి?"

"అనం. ఉప్పు ఉన్నాది, లేదు అంటాం."

"అంతే. ఇది కూడా ఉన్నాది, లేదు. ఇంకోటి, దాని ఎనకాల విత్ అన్నది రావాల. విత్ ఎనకాల ఏ రూలో పేరు రావాల. ఉత్తినే కంప్లయన్స్ ఉన్నాదంటే సరిపోదు. దేనితో?"

ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఇంత తేటగా ఏ చదువుకున్నవాడూ తనకి ఒక మాట అప్పగించలేదనిపించింది జగన్నాధానికి. కాగితం తెచ్చాడు. అవర్ సాల్ట్ ఈజ్ అయొడైజ్డ్ ఇన్ కంప్లయన్స్ విత్ ద ఫుడ్ సేఫ్టీ రూల్స్ అని బావమరిది చెప్తే తను రాశాడు. పనివాళ్ల శుభ్రత గురించి రెండో వాక్యమూ అలాగే రాశాడు. మూడోది నిలవ గురించి. బస్తాలన్నీ నేలకి ఆనకుండా చెక్కల మీదే ఉన్నాయని రాయాలి.

కలం ఆగింది.

గొడౌనులో వెనక వరస నేల మీదే ఉంది. కింద ఉండవలసిన చెక్కల్ని అసిరితల్లి అమ్మవారి సంబరంలో స్టేజీ వెయ్యడానికి ఊరి కమిటీ పెద్ద కొండబాబు పట్టుకెళ్లాడు. సంబరం అయిపోయింది, చెక్కలు రాలేదు. ముందు వరస అడ్డం ఉండడంతో ఆఫీసరమ్మకి అది కనబడలేదు.

"రాసీ బావా," అన్నాడు ఉమాశంకర్. "సూడలేదు గదా. భయమయితే సబ్‌స్టాన్షియల్ కంప్లయన్స్ అని రాయి. అంటే చాలావరకు పాటిస్తన్నాం అని."

"బస్తా మీద యాభై కేజీలు చాలావరకు అని రాస్తే నువ్వు కొంటావేట్రా?"

జగన్నాధం కలం పక్కన పెట్టి మనసులో లెక్క వేసుకున్నాడు. నిజమే చెప్పాడు, మాట ఒక్కటే తప్పు వాడాడు. దానికే ఆర్డరు ఆగింది. మాట సరిగ్గా వాడి అబద్ధం చెప్తే? ఆ అమ్మాయి మళ్లీ రాకుండా ఉండదు. వచ్చినప్పుడు తెలీక అన్నానని చెప్పుకోవడానికి ఉండదు. తెలీనివాడికి ఇంకో అవకాశం దొరుకుతుంది. తెలిసి రాసినవాడికి సోంపేట పార్టీ పేరు చెప్తారు.

"రేపటికి చెక్కలు తెచ్చి బస్తాలు మార్చడం అయ్యీ పని కాదు. గురువారానికి అవుతాది. అలాగని రాయొచ్చా?"

"రాయొచ్చు. విల్ బీ ఇన్ కంప్లయన్స్ అనాల. కానీ బావా, అలా రాస్తే ఇప్పుడు లేదని నువ్వే ఒప్పుకున్నట్టు."

"ఇప్పుడు లేదు గదరా."

రాసి, సంతకం పెట్టి, ఫొటో తీసి పంపించాడు. పులుసన్నం తిని కొండబాబు ఇంటికి వెళ్లాడు.

"సెక్కలేటి బావా, అమ్మోరి సెక్కలు," అన్నాడు కొండబాబు అరుగు మీంచి లేవకుండా. "వచ్చే ఏడు మళ్లీ కావాల గదా అని దాసినాను."

"వచ్చే ఏడు నానే మోసుకొచ్చి ఏస్తాను. ఇప్పుడు బండెక్కించు."

కొన్ని చెక్కలు కొండబాబు పశువుల పాకలో దొరికాయి. కొన్ని ఎవరింటి గోడకో ఆనించి ఉన్నాయి. ఒకదాని మీద ఆ వీధిలోని తాతమ్మ అనే ముసలామె అప్పడాలు ఆరబెట్టింది. అవి ఎండేదాకా ఇవ్వనంది. జగన్నాధం అప్పడాలకి ఇంట్లోంచి నులకమంచం పంపించి ఆ చెక్క తెచ్చుకున్నాడు. వెనక వరస దింపితే అడుగు బస్తాలు చెమ్మగా ఉన్నాయి. వాటిని విడిగా తీయించాడు.

గురువారం సుహాసిని వచ్చింది. మంచినీళ్లు కూడా తాగకుండా తిన్నగా గొడౌను వెనక్కి వెళ్లి, వంగి, ఫోను లైటు నేల మీద వేసింది. వెలుతురు బస్తాల అడుగు నుంచి అవతలి గోడ దాకా పోయింది. లేచి చేతులు దులుపుకుంది.

"మీరే రాయకపోతే ఈ వెనక వరస నేను చూసేదాన్నే కాదు," అంది. "వచ్చే నెల నుంచి లోడు పంపండి. ముందు ఆరు నెలలకి. తర్వాత చూద్దాం."

ఆరు నెలలంటే ఈ వానాకాలం గట్టెక్కినట్టే. జగన్నాధం తల ఊపాడు.

ఆమె ఫోను తీసింది. "ఒక్కటి మిగిలిందండీ. కస్టమర్ల నుంచి కంప్లైంట్స్ ఏమైనా ఉన్నాయా?"

జగన్నాధం నోరు తెరిచి, మూసుకున్నాడు.

"అది లెక్కపెట్టే మాటేనా అమ్మా?"

సుహాసినికి అర్థం కావడానికి క్షణం పట్టింది. "లెక్కపెట్టేదేనండీ."

"అయితే ఒక్కటీ లేదు," అన్నాడు. ఆమె ఏం రాస్తోందో ఈసారి మెడ సాచి చూశాడు.