అప్పలసూరి లెక్కపెట్టిన అణువు

అయిదింటిలోగా ఫైలు పెద్ద కంప్యూటర్‌లోకి వెళ్ళకపోతే సుందరి వంతు ఇంకొకరికి పోతుంది. మళ్ళీ రావాలంటే మూడు వారాలు. మర్నాడు బంద్, కాలేజీ మూత. అప్పటికే నాలుగు దాటింది. కంప్యూటర్ అనే ఆ మొండిఘటం మాత్రం పొద్దుట్నుంచీ ఒకటే పాట: ఎలక్ట్రాన్ల లెక్క కుదరడం లేదు, పొమ్మంటోంది.

రసాయనశాస్త్రంలో పరిశోధన అంటే సీసాలూ పొగలూ అనుకుంటారు కలకత్తా రేవు పక్క గార్డెన్ రీచ్‌లోని చుట్టాలు. సుందరి పని అది కాదు. ఒక అణువులో ఏ పరమాణువు ఎక్కడుందో వరసకొకటి చొప్పున టైపు చేసి, అవన్నీ ఎన్నో పైన అంకె వేసి అప్పగించాలి. మిగతా కష్టం కంప్యూటర్ పడుతుంది, పడదలుచుకుంటే.

వరంగల్ నుంచి వచ్చిన సీనియర్ రఘురాం పక్క కుర్చీలోంచి తొంగిచూశాడు. ఎలక్ట్రాన్లన్నీ జతలుగా ఉన్నాయని చెప్పే ‘ఒకటి’ మీద వేలు పెట్టాడు. "గిది తీసి రెండు పెట్టు. ఒకటి ఒంటరిగ ఉన్నదనుకుంటది. నడుస్తది."

నడుస్తుందని సుందరికీ తెలుసు. కాకపోతే అప్పుడు వచ్చే జవాబు తన అణువుది కాదు, ఇంకెవరిదో. "వద్దు రఘురాం దా" అంది, పెద్దవాళ్ళని బెంగాలీలో పిలిచే అలవాటుకొద్దీ. అన్నదే గాని, చెయ్యి ఆ అంకె మీదికి రెండుసార్లు పోయింది. నిజం చెప్పాలంటే మూడుసార్లు.

చుక్కలూ, ఖాళీ వరసలూ అన్నీ వెతికింది. పైన వేసిన ఇరవై మూడుని మాత్రం ముట్టుకోలేదు. అది నాన్న లెక్క మరి. అప్పలసూరి రేవులో ఓడకెక్కే బస్తాలు లెక్కపెట్టే మనిషి. ముప్పై ఏళ్ళలో ఆయన అంకెని తప్పన్న దాదా పుట్టలేదు. నిన్న సాయంత్రం సుందరి చేపలు కడుగుతుంటే, "వరసలు లెక్కెట్టడమేనేటి? ఇటియ్యి" అని వరసలు రాసుకున్న కాగితం ఆయనే లాక్కున్నాడు.

నాలుగున్నరకి, వేరే గతిలేక, వరసలు వేలితో లెక్కపెట్టింది. ఇరవై నాలుగు. మళ్ళీ పెట్టినా ఇరవై నాలుగే. పైన ఇరవై మూడని ఉంది కాబట్టి కంప్యూటర్ ఆఖరి హైడ్రోజన్‌ని చదవకుండానే వదిలేస్తోంది. తప్పు దొరికినందుకు సంతోషించాల్సింది పోయి సుందరి నాన్న లెక్కపెట్టిన కాగితం తీసి పట్టుకుంది. మూడు నెలల్లో రిటైరయ్యే మనిషికి నీ లెక్క తప్పిందని ఏ నోటితో చెప్పడం?

కాగితం వెనక్కి తిప్పింది. అక్కడ నాన్న ఏదో గిలికాడని తెలుసు గాని, బెంగాలీ బళ్ళో చదివిన పిల్ల, ఆయన తెలుగు చదివిన పాపాన పోలేదు. ఇప్పుడు ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. "సినిగింది ఒకటి. ఏరే."

రేవులో చినిగిన బస్తాని మంచివాటితో కలిపి లెక్కవేయరు. కాగితం వెనక విడిగా రాస్తారు. తొమ్మిదో వరస మీద టీ ఒలికితే సుందరి దాన్ని కొట్టేసి, పక్కన ఎర్ర సిరాతో తిరగరాసింది. అప్పలసూరి కంటికి అది చినిగిన బస్తా.

సుందరి పకపకా నవ్వేసింది. మూడుని నాలుగు చేసింది. అయిదుకి పది నిమిషాలుందనగా కంప్యూటర్ కిక్కురుమనకుండా ఫైలు తీసుకుంది.

ఇంటికి వెళ్ళేసరికి అప్పలసూరి గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడు. సుందరి జరిగిందంతా చెప్పి, "తప్పు నాదే నాన్నా, వెనకవైపు చూడలేదు" అంది.

"ఎనకాతల సూడకుండా ఓడనొగ్గేస్తారేటే?" అని కసిరాడు గాని మొహం వెలిగిపోతోంది. ఇంకో గుక్క తాగి అడిగాడు: "మరి ఆ సినిగినదాన్నేటి సేసినావు? ఎనక్కి పంపేసినావా?"

"లేదు. అన్నిటితోపాటే ఎక్కించాను. అది లేనిదే ఓడ కదలనంది."

అప్పలసూరి గ్లాసు కింద పెట్టాడు. "ముప్పయ్యేళ్ళలో సినిగినదాన్ని ఓడెక్కించిన మనిషిని సూడనేదు" అన్నాడు, కూతుర్ని ఎగాదిగా చూస్తూ. "ఇయ్యాల సూస్తన్నాను."