సర్కారు చెవి

దీవిలో హాడో రేవు ఒడ్డున కొలతలకొచ్చిన సర్కారు బాబులు నూకన్న ఇంటి తలుపు మీద సున్నంతో నంబరు వేశారు. అక్కడ గోడౌను కడతారట, ఇళ్లు ఖాళీ చెయ్యాలట, బదులుగా సముద్రానికి దూరంగా ఫెరార్గంజ్‌లో పొలం ఇస్తారట. పుట్టి బుద్ధెరిగాక వల తప్ప నాగలి పట్టని నూకన్నకి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇంతలో వాన దంచి కొట్టింది. బాబులు జీపులోకి పరుగెత్తారు. వాళ్లు మరిచిపోయిన పెట్టె ఒకటి చెక్క అరుగు మీద ఉండిపోయింది.

నల్లటి పెట్టె. తోలు పిడి, రెండు ఇత్తడి మరలు, గాజు కింద అంకెలు, అంకెల మీద సన్నటి ముల్లు. ఎటు తిప్పి చూసినా అదేమిటో నూకన్నకి అంతుపట్టలేదు.

అంతుపట్టకపోతే మాత్రం మల్లేశు నోరు ఊరుకుంటుందా? పక్కింటివాడు, ఓడల మీద కూలి చేసే మనిషి, ప్రపంచంలో తనకి తెలియనిదేదీ లేదంటాడు. మొదట అది దొరలు టీ కాచుకునే మిషనన్నాడు. నీళ్లెక్కడ పోస్తారని ఎదురింటి అచ్చమ్మ నిలదీస్తే, కాదు కాదు, చేపలెంత లోతులో ఉన్నాయో చెప్పే గడియారమన్నాడు. నూకన్న దాన్ని పడవలో పెట్టుకెళ్లి ఖాళీ వలతో తిరిగొచ్చాడు. అప్పుడు మల్లేశు గొంతు తగ్గించాడు.

"ఇది సర్కారు చెవి భయ్యా. పక్కా. మనం మాటాడిందంతా ఆఫీసుకి ఎల్లిపోద్ది. కావాలనే ఒగ్గేసి ఎల్లారు."

"నిజమేటి?"

"మాటాడి సూడు. ముల్లు కదుల్తాది."

"బాబూ!" అన్నాడు నూకన్న గట్టిగా. అరుగు చెక్కలు అదిరాయి, ముల్లు వణికింది. ఇంకేముంది, అయిపోయింది!

మర్నాటి నుంచి వేటకెళ్లి రాగానే తలగుడ్డ తీసి పెట్టె ముందు కూచోడమే. తన పేరు, తండ్రి పేరు, భీమిలి నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చిన సంగతి, ఇల్లు తియ్యొద్దన్న మనవి, అన్నీ విన్నవించుకున్నాడు. జవాబు మాత్రం రాదు. విన్నట్టా, విననట్టా? ఒకసారి అరుగు మీద మేక నడిచినా ముల్లు కదిలింది. మేక గోడు కూడా సర్కారు వింటుందా అని పాపం బుర్ర గోక్కున్నాడు.

తొమ్మిదో రోజున చెప్పుకోడానికి ఇంకేమీ మిగల్లేదు, ఒక్కటి తప్ప.

"బాబూ, ఈ ఇల్లు నానే కట్టానని అందరికీ సెప్పుకుంటన్నాను. అబద్దం. నాను తాగి ఒడ్డున పడుంటే, మా ఆడది తవిటమ్మ అలలకి కొట్టుకొచ్చిన దుంగలు మోసుకొచ్చి కట్టింది. అప్పుడది కడుపుతో ఉంది. నన్నెక్కడికైనా పంపండి. దాన్ని మటుకు కదపొద్దు." చెబుతుంటే ఏడుపొచ్చేసింది.

పదో రోజున ఎలక్ట్రిక్ బాబు ఒకడు పెట్టె కోసం వచ్చాడు. అది కరెంటు కొలిచే మీటరని, దానికి చెవీ లేదు నోరూ లేదని హిందీలో చెప్పి, చంకలో పెట్టుకున్నాడు.

"మరి నాను సెప్పిందంతా ఎవరు విన్నట్టు బాబూ?"

అతనికేం తెలుస్తుంది? భుజాలెగరేసి వెళ్లిపోయాడు.

"సరదాకన్నాను భయ్యా," అని మల్లేశు తల దించుకున్నాడు. నూకన్నకి కోపం కూడా రాలేదు. తలగుడ్డ తీసి ఖాళీ అరుగు మీద కూచున్నాడు.

తవిటమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"నాను విన్నాను. రోజూ విన్నాను. పద, ఆఫీసుకెళ్లి మనిషి మొహం సూసి సెప్పు. నిన్న సెప్పింది కూడా సెప్పు."

"నలుగురిలోనా? సిగ్గేస్తాదే."

"అయితే ముందు ఇక్కడ సెప్పు."

మల్లేశున్నాడు. అచ్చమ్మ కూడా వచ్చి నిలబడింది. నూకన్న తల ఎత్తి పెళ్లాం మొహంలోకి చూశాడు.

"ఈ ఇల్లు తవిటమ్మ కట్టింది," అన్నాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని కొంగు బిగించింది.

"ఇంకా గట్టిగా సెప్పు. ఆఫీసులో ఫ్యాన్ల సప్పుడుంటాది."